సొంత ఇంటిలో వెబ్‌సైటు

గుడియాత్తం లుంగీల నేతకు పేరు పొందిన ఊరు. వేలూరుకు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కౌండిన్య నది ఒడ్డున ఉంది. ఈ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా కాలంగా నివసిస్తున్నాయి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం వారికి అలవాటు. నేతపని చేసిన ఇళ్ళలో పడుగు, పేక, నాడె, కండె, ఆసు, గుంటమగ్గం వంటి మాటలు పెద్దల నోట వినిపిస్తాయి. మగ్గం ఆగిపోయిన ఇంటిలో పిల్లలకు ఆ మాటలతో పని ఉండదు. పని లేని మాట నోట నిలవదు.

అటువంటి ఇంటిలోని ఒక విద్యార్థిని తన అవ్వను అడిగి ఈ మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నదని అనుకుందాం. ఒక్కొక్క మాటకు అర్థం, పక్కనే ఆ పనిముట్టు బొమ్మ. నోటుపుస్తకాన్ని ఇంటికి వచ్చిన నలుగురు చూస్తారు. దానినే వెబ్‌సైటుగా పెడితే దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఉన్నవారు కూడా చూడవచ్చు. డర్బన్ పేరు ఊరకే చెప్పినది కాదు. 1860 మొదలుకొని మద్రాసు రేవులో ఓడ ఎక్కి నెటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది ఉన్నారు. వేలూరు, గుడియాత్తం ఆనాడు ఆ జిల్లాలోనివే. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. తాతల నాటి ఇంటిమాట కోసం వెదికేవారు అక్కడ ఉండకపోరు.

మరి ఆ వెబ్‌సైటును ఎక్కడ ఉంచాలి? చాలామంది ఏదో ఒక పెద్ద సంస్థ ఉచితంగా ఇచ్చే చోట ఉంచుతారు. అది సులువు. కాని ఆ చోటు మనది కాదు. 1994లో అమెరికాలో మొదలైన జియోసిటీస్ అనే సంస్థ సామాన్యులకు ఉచితంగా వెబ్ పుటలు పెట్టుకొనే వీలు కల్పించింది. లక్షల మంది తమ ఊరి సంగతులు, వంటలు, పాటలు, కుటుంబ వృత్తాంతాలు అందులో రాసుకున్నారు. 1999లో యాహూ దానిని కొన్నది. 2009 అక్టోబరు 26న అమెరికాలో దానిని మూసివేశారు. కొందరు స్వచ్ఛంద సేవకులు రాత్రింబగళ్ళు శ్రమించి కొంత భాగాన్ని నకలు తీసి కాపాడారు. తక్కినది పోయింది. అద్దె ఇంటిలో ఉన్నవారికి ఇల్లు ఖాళీ చేయవలసిన రోజు ఎప్పుడైనా రావచ్చు. ఉచితంగా ఇచ్చిన ఇంటిలో ఉన్నవారికి అడిగే హక్కు కూడా తక్కువ.

కనుకనే కొందరు తమ వెబ్‌సైటును తమ ఇంటిలోని కంప్యూటరులోనే ఉంచుకుంటారు. ఇది వింతగా తోచవచ్చు గాని, అసలు వెబ్ మొదలైనదే ఇలా. 1990 చివరలో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త తన బల్లమీది కంప్యూటరునే ప్రపంచంలోని మొదటి వెబ్ సర్వరుగా చేశాడు. ఎవరైనా పొరపాటున దానిని ఆపివేస్తారేమోనని, ఇది సర్వరు, ఆపవద్దు అనే అర్థం వచ్చేటట్లు ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించాడు. ఆ కంప్యూటరును చీటీతో సహా భద్రపరిచారు.

సర్వరు అంటే వడ్డించేది అని అర్థం. బయటి నుండి ఒకరు ఫలానా పుట కావాలని అడుగుతారు. సర్వరు ఆ పుటను తీసి పంపుతుంది. చేసే పని ఇంతే. దీనికి గొప్ప యంత్రం అక్కరలేదు. పక్కన పడేసిన పాత ల్యాప్‌టాపు చాలు. ఇంగ్లండులో రూపొంది 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు అరచేతిలో పడుతుంది. అటువంటి చిన్న యంత్రం సుమారు 5 వాట్ల కరెంటు వాడుతుందనుకుంటే, రాత్రింబగళ్ళు నడిచినా రెండు నెలలకు 7 యూనిట్లకు కొంచెం పైన అవుతుంది. 60 వాట్లు వాడే పాత పెద్ద కంప్యూటరును పెడితే అదే రెండు నెలలకు 86 యూనిట్లు దాటుతుంది. నడిపించే సాఫ్ట్‌వేరుకు ఖర్చు లేదు. 1995లో వచ్చిన అపాచీ, 2004లో వచ్చిన ఇంజిన్-ఎక్స్ అనే సర్వరు ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

యంత్రం సమస్య కాదు. అసలు చిక్కు చిరునామా దగ్గర వస్తుంది.

ఇంటర్‌నెట్‌లో ప్రతి కంప్యూటరుకు ఒక సంఖ్య చిరునామాగా ఉండాలి. దీనిని ఐపీ చిరునామా అంటారు. పాత పద్ధతిలో ఉన్న మొత్తం చిరునామాలు 4,294,967,296. అంటే సుమారు 429 కోట్లు. మొదట్లో ఇవి తరగవనుకున్నారు. కాని 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని ఆఖరి భాగాలను కూడా ఖండాలవారీ సంస్థలకు పంచివేశారు. అందువల్ల ఒకే చిరునామాను ఎంతోమంది కలిసి వాడుకొనే ఏర్పాటు అంతటా వచ్చింది. దాని తీరు తెలియాలంటే వేలూరు లాడ్జీని తలచుకుంటే చాలు.

వేలూరులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల నిండా లాడ్జీలే. చిత్తూరు వైపు నుండి, ఎక్కడో బెంగాలు నుండి వైద్యానికి వచ్చినవారు వాటిలో దిగుతారు. సెల్‌ఫోనులు లేని రోజులలోని ఒక లాడ్జీని ఊహించుకోవాలి. లాడ్జీ అంతటికీ ఒకే టెలిఫోను నంబరు. ఆ ఫోను మేనేజరు బల్లమీద ఉంటుంది. గదిలోనివారు బయటికి మాట్లాడదలిస్తే మేనేజరు లైను కలుపుతాడు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆయనకు తెలుసు గనుక జవాబు ఆ గదికే చేరుతుంది. బయటి నుండి కొత్తగా ఒక ఫోను వస్తే? గది నంబరు చెప్పకపోతే ఎవరికి ఇవ్వాలో ఆయనకు తెలియదు. పెట్టేస్తాడు.

ఇంటిలో దీపాలు మినుకుమినుకుమంటూ ఉండే రౌటరు అనే పెట్టె ఈ మేనేజరు వంటిది. ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు అది 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లు ఇస్తుంది. ఆ నంబర్లు ఇంటి గడప దాటవు. గుడియాత్తంలోని ఇంటికీ, పక్కింటికీ, డర్బన్‌లోని ఇంటికీ అవే నంబర్లు ఉండవచ్చు. ఇంటిలోని సర్వరు బయటివారికి కనబడాలంటే, ఫలానా ద్వారానికి వచ్చినవారిని ఫలానా కంప్యూటరు దగ్గరికి పంపు అని రౌటరుకు ముందే చెప్పి ఉంచాలి. ఆ ద్వారాలకు కూడా నంబర్లున్నాయి. మామూలు వెబ్ పుటలకు 80, రహస్య లిపిలో భద్రంగా వెళ్ళే పుటలకు 443. రౌటరు అమరికల పుటలో ఈ సంగతి రాసి పెట్టడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కాని చాలా ఇళ్ళలో ఇది చేసినా వెబ్‌సైటు బయటివారికి తెరుచుకోదు. కారణం, ఇంటి మేనేజరు పైన మరొక మేనేజరు ఉండటమే. చిరునామాలు చాలక ఇంటర్‌నెట్ సంస్థలు అనేక ఇళ్ళను ఒకే పెద్ద లాడ్జీలో చేర్చి, అందరికీ కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి. ఇంటిలోని రౌటరు మన మాట వింటుంది. సంస్థలోని పెద్ద రౌటరు మన మాట వినదు. ఇది తెలుసుకొనే ఉపాయం ఒకటి ఉంది. రౌటరు అమరికలలో బయటి చిరునామా అని చూపే సంఖ్యను చూడాలి. అది 100.64 నుండి 100.127 వరకు ఉన్న అంకెలలో దేనితోనైనా మొదలైతే ఆ ఇల్లు పెద్ద లాడ్జీలో ఉన్నట్లే. ఆ శ్రేణిని 2012లో ఈ పనికోసమే కేటాయించారు. కొన్ని సంస్థలు 10తో మొదలయ్యే సంఖ్యలను కూడా వాడతాయి. ఎంతోమంది ఈ సంగతి తెలియక రోజుల తరబడి రౌటరుతో కుస్తీ పట్టి, తమకే చేతకాలేదని విసిగి వదిలేస్తారు. తప్పు వారిది కాదు.

అలాగని దారి మూసుకుపోలేదు. సంస్థకు నెలకు కొంత అదనంగా చెల్లిస్తే మారని సొంత చిరునామా ఇవ్వవచ్చు. ముందుగా వారి నిబంధనలు అడిగి తెలుసుకోవాలి. ఇంటి కనెక్షనుపై సర్వరు నడపరాదని ఒప్పందంలో రాసుకొనే సంస్థలు కూడా ఉన్నాయి. రెండవ దారి కొత్త తరహా చిరునామాలు. ఐపీ ఆరవ కూర్పు అనే ఈ పద్ధతిని 1995లోనే రూపొందించారు. ఇందులో ఇంటిలోని ప్రతి పరికరానికి విడివిడిగా సొంత చిరునామా ఇచ్చినా తరగనన్ని సంఖ్యలున్నాయి. భారతదేశంలో ఇంటర్‌నెట్ వాడేవారిలో సగానికి పైగా దీని పరిధిలోకి వచ్చారు. చిక్కేమిటంటే, చూసేవారి వైపు కూడా ఈ పద్ధతి ఉండాలి. లేకపోతే ఆ ఇల్లు వారికి కనబడదు. మూడవది సొరంగం. బయటివారు లోపలికి రాలేనప్పుడు ఇంటి కంప్యూటరే బయట ఉన్న మరొక కంప్యూటరుకు ఫోను చేసి, ఆ లైనును పెట్టేయకుండా ఉంచుతుంది. వచ్చినవారు ఆ బయటి కంప్యూటరు దగ్గరికి వస్తారు. అది వారిని సొరంగం గుండా ఇంటికి పంపుతుంది. అయితే ఆ బయటి కంప్యూటరు మళ్ళీ ఎవరిదో. పుటలు సొంత ఇంటిలోనే ఉన్నా వాకిలి అద్దెది అన్నమాట.

చిరునామా సంఖ్యను ఎవరూ గుర్తుంచుకోరు గనుక పేరు కావాలి. పేరును సంఖ్యగా మార్చి చెప్పే పద్ధతిని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించాడు. పేరుకు ఏటా కొంత రుసుము ఉంటుంది. భారతదేశపు పేర్లకు '.ఇన్' అనే తోక ఉన్నట్లే, తెలుగు లిపిలో '.భారత్' అనే తోకను కూడా 2011లో మంజూరు చేశారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చిరునామా మారే ఇళ్ళలో, మారిన చిరునామాను పేర్ల పట్టికలో వెంటనే రాయించే చిన్న ప్రోగ్రామును కూడా నడపాలి.

ఇక వేగం. ఇంటర్‌నెట్ కనెక్షను కొనేటప్పుడు అందరూ అడిగేది దిగుమతి వేగం. ఇంటి సర్వరుకు కావలసినది ఎగుమతి వేగం. టెలిఫోను తీగపై వచ్చిన పాత బ్రాడ్‌బ్యాండులో ఎగుమతి వేగం చాలా తక్కువ. ఇళ్ళవారు తీసుకొనేవారే గాని ఇచ్చేవారు కారనే లెక్కతో దానిని అమర్చారు. గాజు తీగలు వచ్చిన తరువాత ఇది మెరుగైంది. ఎగుమతి సెకనుకు 10 మెగాబిట్లు ఉన్నదనుకుందాం. ఫోనుతో తీసిన మగ్గం ఫోటో 4 మెగాబైట్లు ఉంటే దానిని పంపడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. పదిమంది ఒకేసారి అడిగితే అరనిమిషం. అదే ఫోటోను 100 కిలోబైట్లకు కుదిస్తే సెకనులో పన్నెండుమందికి పంపవచ్చు. తెలుగు అక్షరాల సంగతి ఇంకా సులువు. యూనికోడ్ విధానంలో తెలుగుకు 1991లోనే స్థానం దొరికింది. వెబ్‌లో సాధారణంగా వాడే రూపంలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. రెండు వేల గుర్తులున్న పుట 6 కిలోబైట్లే. అవ్వ చెప్పిన మాటల పుటను ఆ ఇల్లు సెకనుకు రెండు వందల మందికి పైగా పంపగలదు. అంతమంది రారు, అది వేరే సంగతి.

వచ్చేవారిలో అందరూ మంచివారు కారు. సర్వరు తెరిచిన కొద్దిసేపటికే, తాళం సరిగా వేశారా లేదా అని తలుపులు తట్టిచూసే యంత్రాలు వస్తాయి. వాటికి ఆ ఇల్లు ఎవరిదో తెలియదు. లోకంలోని తలుపులన్నీ వరుసగా తట్టుకుంటూ పోతాయి. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా వదిలేసిన రౌటర్లను, కెమెరాలను 2016లో మిరాయి అనే దుష్ట ప్రోగ్రాము లక్షల సంఖ్యలో వశం చేసుకొంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో దాడి జరిపి, అమెరికాలో పేరుపొందిన వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు అందకుండా చేశారు. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి కెమెరా ఏమి చేస్తున్నదో తెలియనే లేదు. కాబట్టి ఊహకందని పాస్‌వర్డు పెట్టాలి. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు కొత్తది చేయాలి. ఇంటి ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న కంప్యూటరును సర్వరుగా వాడకూడదు. దారిలో ఎవరూ పుటను మార్చకుండా కాపాడే ధ్రువపత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుండి ఉచితంగా ఇస్తున్నది.

కరెంటు మాట మరచిపోరాదు. కరెంటు పోతే సర్వరూ పోతుంది, రౌటరూ పోతుంది. చిన్న బ్యాటరీ పెట్టె రెండింటినీ కాసేపు నిలబెట్టగలదు. వాన మాత్రం బ్యాటరీతో ఆగదు. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో ఒడ్డునున్న ఇళ్ళలోకి నీరు వచ్చింది. అటువంటి రోజున ఇంటిలోని ఒకే ఒక కంప్యూటరులో ఉన్న పుటలకు, తడిసిన నోటుపుస్తకానికి తేడా లేదు. అందుకని నకలు మరొక ఊరిలో ఉండాలి. వేలూరులో మేనమామ ఇల్లు ఉంటే అక్కడ కూడా ఒక చిన్న యంత్రం పెట్టి, ప్రతి రాత్రి గుడియాత్తం పుటల నకలు అక్కడికి, అక్కడివి ఇక్కడికి చేరేటట్లు చేయవచ్చు. దీనికి కావలసిన ప్రోగ్రాములు ఉచితమే. ఒక ఇంటిలో కరెంటు లేనప్పుడు పేర్ల పట్టికలో చిరునామా మారిస్తే రెండవ ఇల్లు వడ్డిస్తుంది. రెండు ఊళ్ళలోనూ ఒకేసారి కరెంటు పోతే మాత్రం డర్బన్‌లోనివారు కాసేపు ఆగి, మళ్ళీ అడగవలసిందే.