అలలు లేనిచోటే అసలు ప్రమాదం

"అలలు పడే కాడ దిగకుర్రి. జర పక్కకు నడిస్తే నీళ్లు నిమ్మళంగ ఉన్న జాగ దొరుకుతది, పిల్లలను ఆడ దింపుర్రి." దసరా దగ్గర పడుతుంటే గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, ఎన్టీపీసీ వైపు ఈ సలహా నోటినోటా, ఫోన్‌ ఫోన్‌కూ తిరగడం మొదలవుతుంది. బొగ్గు గని కార్మికులకు లాభాల వాటా, దీపావళి బోనస్ చేతికొచ్చే రోజులవి. నాలుగు కుటుంబాలు కలిసి బండి మాట్లాడుకుని, మస్టర్లు పోకుండా సెలవు చూసుకుని, బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల దగ్గరి వాడరేవుకో, రామాపురానికో బయల్దేరుతాయి. సలహా ఇచ్చినవాళ్లది మంచి మనసే. కానీ కెరటాలు కొట్టే ఇసుక తీరంలో ఇంతకంటే ప్రాణాంతకమైన సలహా ఇంకోటి లేదు. బాపట్ల తీరంలో మునిగిపోయినవారి వార్తల్లో తెలంగాణ ఊళ్ల పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వరుస మరణాల తర్వాత పోలీసులు కొన్నాళ్లు బీచ్‌లు మూసేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఈ మాట ఆగడం లేదు కాబట్టి, దీన్ని మొదటి నుంచి చివరిదాకా విప్పి చూడాల్సిందే.

అపోహ: అలలు లేనిచోట నీళ్లు భద్రం

సముద్రం అడుగున ఇసుక చదునుగా ఉండదు. ఒడ్డుకు కొంత దూరంలో, ఒడ్డు వెంబడే ఇసుక మేటలు వేసి ఉంటాయి. లోతు నుంచి వచ్చిన కెరటం ఆ మేట మీదికి రాగానే లోతు చాలక విరిగి, తెల్లటి నురగతో ఒడ్డుకు పరిగెత్తుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి వచ్చిన కెరటాల నీళ్లన్నీ మేటకూ ఒడ్డుకూ మధ్య పోగవుతాయి. అవి మళ్లీ సముద్రంలోకి పోవాలి. మేట తెగి గండి పడినచోట దారి దొరుకుతుంది. చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ గండి వైపు మళ్లి, అక్కడి నుంచి వేగంగా లోపలికి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు.

గండి దగ్గర లోతు ఎక్కువ. లోతు ఎక్కువైతే కెరటం విరగదు. అందుకే అటూ ఇటూ తెల్లగా నురగలు కక్కుతున్నా, ఆ నడుమ చోటు మాత్రం ముదురు రంగులో, ప్రశాంతంగా, చెరువు నీళ్లలా కనిపిస్తుంది. మన సలహాదారులు ఏరికోరి చూపించే 'నిమ్మళమైన జాగ' చాలాసార్లు అదే. పిల్లలను దింపమంటున్నది నీళ్లు సముద్రంలోకి తిరిగిపోయే దారిలోకి!

ఆ వేగం ఎంతో తెలిస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. బలంగా ఉన్నప్పుడు రిప్ కరెంట్ సెకనుకు 2 మీటర్ల దాకా లాగుతుంది. 50 మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు దాదాపు 21 సెకన్లు. అంటే ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదేవాడు కూడా ఆ ప్రవాహానికి ఎదురీది ముందుకు జరిగేది అతికొద్దిగానే, అదీ కొన్ని సెకన్ల ముచ్చటే. గనిలో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు నడుస్తుంటే దాని మీద ఎదురు పరిగెత్తి ఎవరూ గట్టెక్కరు. పక్కకు దిగితేనే బతుకుతారు. రిప్ కరెంట్‌కూ అదే సూత్రం. దాని వెడల్పు సాధారణంగా కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్లే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే అందులోంచి బయటపడవచ్చు. ఆ తర్వాత కెరటాలు విరిగే వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకు రావచ్చు, అక్కడ అలలే ముందుకు తోస్తాయి.

ఇంకో పొరపాటు అభిప్రాయం కూడా ఇక్కడే తేలిపోవాలి. సముద్రం కాళ్లు పట్టి కిందికి గుంజుతుందని చాలామంది నమ్మకం. గుంజదు. రిప్ కరెంట్ మనిషిని నీటి అడుగుకు కాదు, లోపలి వైపుకు తీసుకుపోతుంది, కెరటాలు విరిగే చోటు దాటాక దాని బలం తగ్గిపోతుంది. మనిషిని ముంచేది భయం, ఆ భయంలో ఒడ్డు వైపే కొట్టుకుని కొట్టుకుని వచ్చే అలసట. కాబట్టి చిక్కుకున్నవాళ్లు మొదట చేయాల్సింది పోరాటం ఆపడం. వెల్లకిలా తేలండి, ముఖం నీటి పైన ఉంచండి, చేయి ఎత్తి ఊపండి, గట్టిగా పిలవండి. ఊపిరి కుదుటపడ్డాక పక్కకు కదలండి.

ఇది మన తీరానికే ఉన్న జబ్బు కాదు. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ సముద్రం పక్కన లాండ్స్ అనే ప్రాంతం ఉంది. మైళ్ల పొడవునా ఇసుక, దాని వెనక పైన్ అడవి. చూపుకు మన సరుగుడు తోటల తీరాలకు దూరపు చుట్టంలా ఉంటుంది. అక్కడా ఇసుక మేటల నడుమ మడుగుల్లాంటి గుంటలు ఏర్పడతాయి, వాటి ప్రశాంతత చూసి మోసపోయి ఏటా జనం కొట్టుకుపోతుంటారు. అక్కడి రక్షకులు రెండు జెండాలు పాతి, వాటి నడుమే ఈదమంటారు. మేటలు కదిలే కొద్దీ ఆ జెండాల చోటూ మారుస్తారు. ఈ ఒక్క సంగతి మన దగ్గర చెప్పే 'పోయినేడు గూడ ఈడ్నే దిగినం' అనే ధీమాకు సరైన జవాబు. ఒక్క తుఫాను చాలు, నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు గండి పడటానికి.

అపోహ: గోదావరిలో ఈదినవాడికి సముద్రం ఒక లెక్క కాదు

ఈ మాట మన ఖనిలోనే ఎక్కువ వినిపిస్తుంది, ఈ ధీమాయే యువకుల ప్రాణాల మీదికి తెస్తుంది. గోదావరిలో నీళ్లు ఒక్క దిక్కుకే పోతాయి, ఎక్కడో ఒకచోట గట్టు దొరుకుతుంది. సముద్రంలో ముందు నుంచి కెరటం ముఖం మీద కొడుతుంది, వెనక్కి పోయే నీళ్లు కాళ్ల కింది ఇసుకను తోడేస్తాయి, పక్క నుంచి ఇంకో ప్రవాహం నెడుతుంది. నదిలో నేర్చిన ఈత పనికిరాదని కాదు, అది సరిపోదు. పైగా రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర లేకుండా, తెల్లారగానే బండి దిగి నేరుగా నీళ్లలోకి ఉరికే శరీరంలో ఆ ఈతకు కావాల్సిన సత్తువ మిగలదు. మందు తాగి దిగేవాళ్ల గురించి వేరే చెప్పాలా? నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాడికి మరునాడు పొద్దున్నే బండి నడపొద్దని చెప్పే మనం, ఇక్కడ మాత్రం ఎందుకు ఊరుకుంటున్నాం?

అపోహ: నడుము లోతు దాటకపోతే ఏమీ కాదు

నడుము లోతు నీళ్లలో నిలబడ్డ మనిషిని ఛాతీ ఎత్తు కెరటం ఇట్టే లేపేస్తుంది. కాళ్లు నేలను వదిలిన ఆ రెండు క్షణాల్లో వెనక్కి పోయే నీళ్లు అతన్ని రెండడుగులు లోపలికి జరిపితే, మళ్లీ కాలు మోపేసరికి అక్కడ నేల అందదు. ఈత రానివాళ్లకు హద్దు మోకాలు, నడుము కాదు. చిన్నపిల్లలకు చీలమండ లోతులో కూడా పెద్దల చేయి పట్టే ఉండాలి.

గాలి ట్యూబు ఉంటే భయం లేదనుకోవడం దీనికి తోబుట్టువు. రాత్రి నుంచి తెల్లవారే దాకా గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. మనవాళ్లు చేరేది సరిగ్గా ఆ వేళకే. ట్యూబు మీద కూర్చున్న పిల్లాడిని ఆ గాలే లోపలికి తోసుకుపోతుంది. కావాల్సింది ఒంటికి బిగుతుగా కట్టుకునే లైఫ్ జాకెట్.

ఒక్కో మాటతో తీసేయదగ్గవి

ఉప్పునీళ్లలో మనిషి మునగడట: మంచినీళ్లకంటే సముద్రపు నీళ్లు రెండు మూడు శాతమే బరువు, ఆ కాస్త తేడా ఈత రానివాడిని కాపాడదు.

సముద్రం మూడో రోజు శవాన్ని తిరిగిస్తుందట: శరీరంలో వాయువులు పుట్టడం వల్ల పైకి తేలుతుంది, దానికి లెక్క కట్టిన రోజు లేదు.

ఆకాశం తేటగా ఉంటే సముద్రమూ శాంతంగా ఉంటుందట: ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుఫాను లేపిన కెరటాలు రోజుల తర్వాత మన ఒడ్డుకు వస్తాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులను బలిగొన్నవి అలాంటి కెరటాలే, ముందుగా హెచ్చరిక కూడా ఉంది.

సరుగుడు తోట ఉన్న తీరంలో కెరటాల జోరు తక్కువట: చెట్లు గాలినీ, ఉప్పెననూ కొంత ఆపి వెనకున్న ఊళ్లను కాపాడతాయి, ముందున్న ఈతగాళ్లను కాదు. ఆ తోటల్లో వంట పొయ్యి మాత్రం పెట్టకండి, రాలి పరుచుకున్న సరుగుడు ఆకు నిప్పురవ్వకే అంటుకుంటుంది.

అమావాస్య, పౌర్ణమి మాట

ఆ రోజుల్లో సముద్రం మనిషిని బలి కోరుతుందనే నమ్మకాన్ని ఒప్పుకోను. సముద్రానికి కోరికలు ఉండవు. కానీ ఈ నమ్మకం వెనక ఒక నిజం ఉంది, దాన్ని కాదనలేను. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి రావడంతో ఆటుపోట్ల తేడా పెరుగుతుంది. పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటు ఎక్కువ దిగుతుంది. నీళ్లు బాగా దిగినప్పుడు మేటలు పైకి తేలి, తిరుగు నీళ్లన్నీ గండిలోంచే పోవాల్సి వస్తుంది. రిప్ కరెంట్ బలపడేది ఇలాంటప్పుడే. కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంకకు సముద్ర స్నానానికి జనం వేలల్లో వస్తారు, అదే రోజు ఈ తేడా ఎక్కువ. ముసలమ్మలు ఆ రోజు లోపలికి పోవద్దంటే కారణం తప్పు చెప్పి ఉండవచ్చు, జాగ్రత్త మాత్రం సరైనదే చెప్పారు. ఒడ్డునే కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకున్నా స్నానం స్నానమే.

కాలం కూడా చూసుకోవాలి. మనకు డబ్బు చేతికొచ్చే దసరా, దీపావళి రోజులే బంగాళాఖాతంలో తుఫానుల కాలం. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది 2023 డిసెంబరు 5న. బండి మాట్లాడే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల హెచ్చరికలు చూడండి. ఇన్‌కాయిస్ దేశమంతటి తీరానికీ సముద్ర సమాచారం ఇచ్చే సంస్థ. హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, లేదా ఒడ్డు నుంచే చూసి రండి.

మునుగుతుంటే, మునిగాక

ఒకరు కొట్టుకుపోతుంటే చూడలేక అన్న, బావ, తండ్రి ఒకరి వెనక ఒకరు దూకడం, ఒక చావు మూడు చావులు కావడం మనకు తెలిసిన విషాదమే. గనిలో గ్యాసున్న చోటికి పరికరం లేకుండా రెస్క్యూ మనిషిని కూడా పంపరని మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ క్రమశిక్షణ సముద్రం దగ్గరా కావాలి. మీరు దూకకండి. మూత బిగించిన ఖాళీ డబ్బా, ట్యూబు, తాడు, చేతికందిన తేలే వస్తువేదైనా విసరండి. ఒడ్డునున్న పోలీసులను, గజఈతగాళ్లను, మత్స్యకారులను పిలవండి. 112కు ఫోన్ చేయండి. కొట్టుకుపోతున్న మనిషి మీది నుంచి ఒకరు చూపు తిప్పకుండా చేయి చూపిస్తూనే ఉండాలి.

బయటికి తీశాక తలకిందులు చేయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఆపేయండి. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊది, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి, 30 నొక్కుళ్లకు రెండు ఊపిర్లు. గనిలో దిగే ముందు శిక్షణలో ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్లు మన ఇంటింటా ఉన్నారు. బీచ్‌కు పోయేటప్పుడు బండిలో అలాంటివాళ్లు ఎవరో అందరికీ తెలిసి ఉండాలి.

వెళ్లొద్దని నేను అనడం లేదు. ఏడాదంతా బొగ్గు దుమ్ములో ఉండే కుటుంబానికి సముద్రం చూసే హక్కు ఉంది. చేరగానే నీళ్లలోకి ఉరకకండి. టిఫిన్ తిని, కొంచెం నడుం వాల్చి, తర్వాత ఎత్తైన ఇసుక మీద పది నిమిషాలు నిలబడి నీళ్లను చూడండి. ఎక్కడ అలలు తెల్లగా విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, నురగ, చెత్త ఎటు కొట్టుకుపోతున్నాయి గమనించండి. అక్కడి మత్స్యకారులను అడగండి, వాళ్లు కాదన్నచోట దిగకండి. పోలీసులు పాతిన హద్దు దాటకండి. ఈసారి ఎవరైనా 'నిమ్మళమైన జాగ' అని సలహా పంపితే చూసి వదిలేయకండి. అది ఎందుకు తప్పో అక్కడికక్కడే రాయండి, పంపినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.