కాన్పుకైనా, ఆపరేషన్‌కైనా అడగాల్సింది ఆమెనే

ఓపీ చీటీ రాసేచోట తరచూ కనిపించే సంగతి ఇది. వీల్‌చైర్‌లో కూర్చున్న గర్భిణికి ఎన్నో నెలో వెనక నిలబడ్డ అత్తగారిని అడుగుతారు. వినపడనామె అయితే ఆమె వైపు చూడనే చూడరు. "వీళ్లకి పిల్లలెందుకండీ" అనేవాళ్లూ లేకపోలేదు. చట్టం మాత్రం అలా అనడం లేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016, సెక్షన్ 10 ప్రకారం సంతానం, కుటుంబ నియంత్రణ గురించిన సమాచారం దివ్యాంగులకు అందేలా చూడాల్సింది ప్రభుత్వమే. ఇది ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వర్తిస్తుంది. సెక్షన్ 25 ప్రకారం వైద్యంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలి. అంటే క్యూలో ముందు పంపడం ఎవరి దయా కాదు. ర్యాంపు వంటి సౌకర్యాలు ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఉండాలి.

గర్భసంచి తీయించేద్దామా?

మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న అమ్మాయికి నెలసరి మొదలయ్యాక చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇది. ఆ తల్లి అలసట నిజమే, కాదనలేం. కానీ పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్య ప్రక్రియ అయినా, ఆ వ్యక్తి అన్నీ తెలుసుకుని స్వేచ్ఛగా ఒప్పుకోకుండా చేయకూడదని అదే సెక్షన్ 10 చెబుతోంది. "ఆమెకేం తెలుసు" అని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టేస్తే సరిపోదు. నెలసరి శుభ్రత ఎలా నేర్పాలో ముందు ఏఎన్ఎంను అడగండి.

గర్భస్రావం విషయంలోనూ అంతే. ఆమె స్పష్టంగా ఒప్పుకోకుండా చేస్తే సెక్షన్ 92 కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. వైకల్యం తీవ్రంగా ఉంటే డాక్టర్ అభిప్రాయం, గార్డియన్ సమ్మతి రెండూ ఉన్నప్పుడే మినహాయింపు. ఆమే వద్దనుకుంటే, 2021 సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు అవకాశం ఉంది.

గర్భం అని తెలియగానే ఆశా దగ్గర పేరు రాయించుకోండి. ఏ సాయం కావాలో అప్పుడే చెప్పండి: సైగల భాష తెలిసినవారా, టేబుల్ ఎక్కించే మనిషా? నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత పరీక్షలుంటాయి. కాన్పు, సిజేరియన్, మందులు, భోజనం, రవాణా అన్నీ ఉచితం. వీటికి సదరం సర్టిఫికెట్ అక్కర్లేదు, గర్భిణులందరికీ వర్తిస్తాయి. నొప్పులొస్తే 108.

సంతకమో వేలిముద్రో వేసే ముందు కాగితం చదివి వినిపించమనండి. బలవంతం చేస్తే 15100కి ఫోన్ చేయండి, దివ్యాంగులకు న్యాయసేవ ఉచితం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇవ్వొచ్చు.