ఉత్తరాల్లో పెళ్లి.. మంచులో ప్రయాణం: క్రిస్మస్ ‘మెయిల్ ఆర్డర్ బ్రైడ్’ కథలు ఎందుకంత నచ్చుతాయంటే..?

ముఖం కూడా చూడని మనిషి కోసం వేల కిలోమీటర్ల రైలు ప్రయాణం.. చేతిలో నాలుగు ఉత్తరాలు, ఒక ట్రంకు పెట్టె. తిరిగి వెళ్లడానికి టికెట్ డబ్బులు కూడా లేవు. స్టేషన్‌లో దిగేసరికి బయట మోకాళ్ల లోతు మంచు.. ఇంకో వారంలో క్రిస్మస్!

ఇంగ్లిష్ రొమాన్స్ పుస్తకాల్లో ఇలా మొదలయ్యే చిన్న నవలలు బోలెడు. వీటినే ‘మెయిల్ ఆర్డర్ బ్రైడ్’ కథలు అంటారు. అంటే పోస్టులో కుదిరిన పెళ్లికూతురు అన్నమాట. చివరికి ఇద్దరూ ఒక్కటవుతారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అయినా డిసెంబర్ రాగానే వీటిని వెతుక్కుని మరీ చదివేవాళ్లు ఉన్నారు. ఇంతకీ ఈ కథల్లో అంత ఏముంది? వీటి వెనకున్న అసలు చరిత్ర ఏంటి? ఇప్పుడు తెలుసుకుందాం.

పశ్చిమాన పెళ్లికూతుళ్లు లేరు.. తూర్పున పెళ్లికొడుకులు లేరు

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. అంతే.. మగవాళ్లు గుంపులు గుంపులుగా అటు పరుగుపెట్టారు. 1850 జనాభా లెక్కల నాటికి అక్కడ ఆడవాళ్లు పది శాతం కూడా లేరు. ఆ తర్వాత 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. దీంతో రైతులూ పశ్చిమానికి కదిలారు.

అదే సమయంలో తూర్పు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. 1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధంలో 6 లక్షల మందికి పైగా చనిపోయారు. ఎందరో ఆడపిల్లలు పెళ్లి కాకుండా, ఎందరో భార్యలు చిన్న వయసులోనే భర్తలేక మిగిలిపోయారు. ఈ రెండు లోటుల మధ్య వంతెన వేసింది ఉత్తరమే. 1869లో ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తవడంతో నెలల ప్రయాణం కాస్తా వారానికి తగ్గింది.

పేరు ఉండదు.. నంబర్ మాత్రమే!

1870వ దశకంలో ‘మ్యాట్రిమోనియల్ న్యూస్’ అనే పత్రిక శాన్ ఫ్రాన్సిస్కో, కాన్సస్ సిటీ నుంచి వచ్చేది. అందులో ఉన్నవన్నీ పెళ్లి ప్రకటనలే. 40 పదాల లోపు ప్రకటనకు మగవాళ్లు 25 సెంట్లు కట్టాలి. ఆడవాళ్లకు మాత్రం ఉచితం. ప్రకటనలో పేరు వేయరు, ఒక నంబర్ ఇస్తారు. వయసు, ఎత్తు, ఆస్తిపాస్తులు మాత్రం రాసుకునేవారు.

మన పేపర్లలో ఆదివారం వచ్చే ‘వధువు కావలెను’ ప్రకటనలు గుర్తొస్తున్నాయా? దాదాపు అలాంటివే. కాకపోతే పెద్ద తేడా ఒకటుంది. మన దగ్గర ప్రకటన తర్వాత పెద్దలు వాకబు చేస్తారు, పెళ్లిచూపులు జరుగుతాయి. అక్కడ మాత్రం ఉత్తరంలో రాసింది నిజమో అబద్ధమో రైలు దిగాకే తెలిసేది. అప్పుడు ఆ అమ్మాయి పక్కన పుట్టింటివాళ్లు ఎవరూ ఉండరు.

అసలు రిస్క్ ఎవరికి?

ఇద్దరికీ ఉంది. బెల్లె గన్నెస్ అనే మహిళ ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ దగ్గర ఉంటూ నార్వే భాషా పత్రికల్లో పెళ్లి ప్రకటనలు ఇచ్చింది. డబ్బు తీసుకుని వచ్చిన మగవాళ్లు ఆ తర్వాత కనిపించకుండా పోయారు. 1908లో ఆమె ఇల్లు కాలిపోయాక ఆ పొలంలో తవ్వితే పలువురి మృతదేహాలు బయటపడ్డాయి.

అయితే చట్టం ప్రకారం చూస్తే ఎక్కువ పోగొట్టుకునేది ఆడవాళ్లే. హోమ్‌స్టెడ్ చట్టంలో 21 ఏళ్లు నిండిన పెళ్లికాని అమ్మాయి తన పేరు మీదే భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్లయి భర్తతో ఉంటే మాత్రం సాధారణంగా ఆ అవకాశం ఉండదు. అంటే అదే ఊళ్లో, అదే అమ్మాయి.. పెళ్లికి ముందు 160 ఎకరాలు కోరుకోగలదు, పెళ్లయ్యాక కోరుకోలేదు! ఈ విషయం తెలిసి చదివితే, హీరోయిన్ ‘ఒక్కరోజు ఆలోచించుకుంటాను’ అన్నప్పుడు ఆ మాట బరువు అర్థమవుతుంది.

మరి క్రిస్మసే ఎందుకు?

మంచు పడితే రైళ్లు ఆగిపోతాయి, దారులు మూసుకుపోతాయి. ఇద్దరు అపరిచితులు ఒకే ఊళ్లో, ఒకరి కంట ఒకరు పడుతూ ఉండక తప్పదు. పండగ దగ్గరపడుతుంటుంది కాబట్టి కథకు గడువూ దొరుకుతుంది. పైగా నవలిక అంటే సుమారు 20 వేల నుంచి 40 వేల పదాలు. ఒక వారం రోజుల కథకు సరిగ్గా సరిపోతుంది. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ కూడా నవలికే అన్న సంగతి తెలిసిందే.

ఈ కథల్లో కానుకలు చిన్నవి.. ఒక నారింజ పండు, చేత్తో అల్లిన ఊలు గ్లోవ్స్. కానీ ఎదుటి మనిషి తనను ఎంత గమనించాడో చెప్పేవి అవే.

మంచి కథను ఎలా గుర్తుపట్టాలి?

అమ్మాయి ఎందుకు వచ్చిందో స్పష్టంగా ఉండాలి. ఉత్తరాలు కథలో పనిచేయాలి. డబ్బు, చాకిరీ, చలి కనిపించాలి. ఆ ‘ఉచిత’ భూములు అంతకుముందు స్థానిక ఆదివాసీ తెగలవే. చాలా కథలు ఈ మాటే ఎత్తవు. మరచిపోని రచయితలు దొరికితే వదలకండి.

పిల్లల కోసం రాసిందే అయినా ప్యాట్రిషియా మెక్‌లాక్లన్ 1985లో రాసిన ‘సారా, ప్లెయిన్ అండ్ టాల్’ ఇందుకు మంచి ఉదాహరణ. క్రిస్మస్ కథ కాదు గానీ, ప్రకటన చూసి వచ్చిన అమ్మాయి కథే. 1986లో న్యూబెరీ మెడల్ గెలిచింది. ఇందులో సారా వెంటనే పెళ్లికి ఒప్పుకోదు. ఒక నెల ఉండి చూస్తానంటుంది. ఆమె ఉంటుందా, వెళ్లిపోతుందా అని ఆ ఇంట్లో పిల్లలు రోజూ ఎదురుచూస్తుంటారు.

ఈ కథలన్నింటి గుట్టు అక్కడే ఉంది. పెళ్లవుతుందా లేదా అన్నది ఎవరినీ కంగారుపెట్టదు. చాలా నవలికల్లో ఒక సీన్ వస్తుంది.. హీరో తిరుగు టికెట్ కొని ఆమె చేతిలో పెడతాడు. అప్పటిదాకా వేరే దారిలేక ఉన్న అమ్మాయికి మొదటిసారి దారి దొరుకుతుంది. అసలు చరిత్రలో ఎంతోమందికి దొరకని టికెట్ అది. దాన్ని చేతిలో పట్టుకుని కూడా ఆమె రైలెక్కకుండా ఆగిపోతే.. పాఠకులు ఎదురుచూసే క్షణం అదే.