కోడిగుడ్డు పెంకు రంగు: జన్యువు, మార్కెట్టు, ‘నాటు’ అనే భావన

వ్యాససంగ్రహం

కోడిగుడ్డు పెంకు రంగు ప్రధానంగా కోడి జాతిని బట్టి ఏర్పడే లక్షణం. వినియోగదారులు మాత్రం దానిని పెంపక విధానానికీ, పోషకవిలువకూ గుర్తుగా భావిస్తుంటారు. ఈ భావన ఎలా ఏర్పడిందో, కోళ్ల జాతుల అభివృద్ధిని ఎలా ప్రభావితం చేసిందో హైదరాబాదు పరిసరాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పెంకు రంగు, నాటుకోడి, వనరాజా, గ్రామప్రియ, వినియోగదారుల అభిరుచి.

1. ప్రవేశిక

రంగారెడ్డి జిల్లాలోని పుప్పాలగూడ ఒకప్పుడు గ్రామం. 2018లో మణికొండ పురపాలక సంఘంలో భాగమైన ఈ ప్రాంతం నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నివసించే బహుళ అంతస్తుల భవనాలతో నిండి ఉంది. పల్లెలో గుడ్డు కొనేవారికి అది ఏ ఇంటి కోడి పెట్టినదో తెలుస్తుంది. నగరంలో కొనేవారికి కోడి కనబడదు, గుడ్డు మాత్రమే కనబడుతుంది. అందువల్ల గుడ్డు పుట్టుపూర్వోత్తరాలను చెప్పే బాధ్యత పెంకు రంగు మీద పడింది. ఆ బాధ్యతను రంగు ఎంతవరకు మోయగలదన్నది పరిశీలించదగిన విషయం.

2. రంగు ఏర్పడే తీరు

కోడి శరీరంలో గుడ్డు తయారు కావడానికి సుమారు 24 నుండి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు గుడ్డు పెంకుగ్రంథిలోనే ఉంటుంది. కాల్షియం కార్బొనేటుతో ఏర్పడే పెంకు సహజంగా తెల్లనిది. కొన్ని జాతులలో చివరి గంటలలో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం పెంకు పైపొరలలో చేరి గోధుమ రంగునిస్తుంది. అందుకే గోధుమ రంగు గుడ్డు పెంకు లోపలివైపు లేతగా కనిపిస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన అరౌకానా వంటి జాతులలో బిలివర్డిన్ అనే వర్ణకం పెంకు అంతటా వ్యాపించి నీలి రంగు ఏర్పడుతుంది.

ఒకే కోడి పెట్టే గుడ్ల రంగు కూడా వయస్సు, ఒత్తిడి, వ్యాధుల వల్ల కొంత వెలిసిపోవచ్చు. పెంకు రంగును బట్టి పోషకాలు చెప్పుకోదగినంతగా మారవు. పచ్చసొన రంగు వేరే విషయం. అది మేతలోని కెరోటినాయిడ్ల మీద ఆధారపడుతుంది.

3. ‘నాటు’, ‘ఫారం’: పేర్లు, రంగులు

తెలుగు వ్యవహారంలో ‘నాటుకోడి గుడ్డు’, ‘ఫారం గుడ్డు’ అనే విభజన స్థిరపడింది. ఈ పేర్లు రంగును సూచించవు. మొదటిది స్థానికతను, రెండవది పెంపకస్థలాన్ని తెలుపుతుంది. అయితే భారతీయ వాణిజ్య పరిశ్రమ ప్రధానంగా తెల్ల గుడ్లు పెట్టే వైట్ లెగ్‌హార్న్ సంతతి మీద పెరిగింది. ఈ కోడి శరీరం చిన్నది, మేత తక్కువ తింటుంది, ఏడాదికి 300 పైగా గుడ్లు పెడుతుంది. మరోవైపు అసీల్ వంటి దేశీయ జాతుల గుడ్లు మీగడ రంగు నుండి లేత గోధుమ రంగు వరకు ఉంటాయి. ఇలా తెలుపు ఫారానికీ, గోధుమ నాటుకూ పర్యాయమయ్యాయి.

ఇటువంటి అభిరుచులకు స్థానిక చరిత్రే కారణమని ఇతర దేశాల అనుభవమూ సూచిస్తుంది. రోడ్ ఐలండ్ రెడ్ జాతి పుట్టిన అమెరికా ఈశాన్య ప్రాంతంలో గోధుమ రంగు గుడ్లకు సంప్రదాయంగా ఆదరణ ఉంది. ఆ దేశపు ఇతర ప్రాంతాలలో ఎక్కువగా తెల్ల గుడ్లే వాడుకలో ఉన్నాయి.

4. అభిరుచి జన్యు ఎంపికలోకి ప్రవేశించిన వైనం

పుప్పాలగూడ ఉన్న జిల్లాలోనే, రాజేంద్రనగర్‌లో, భారతీయ వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకం కోసం ఈ సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. నాటుకోడిని పోలిన రంగురంగుల ఈకలు, గోధుమ రంగు గుడ్లు వీటి ప్రత్యేకతలు. గ్రామీణులు ఆదరించే రూపాన్ని నిలుపుతూ, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు అందించడం ఇందులోని లక్ష్యం. అంటే ఇక్కడ ప్రజాభిరుచి శాస్త్రానికి అడ్డంకి కాలేదు, ఎంపికకు ప్రమాణమైంది.

అయితే దీనికి మరొక పార్శ్వం ఉంది. గోధుమ రంగు గుడ్లు పెట్టే వాణిజ్య సంకర జాతులను పంజరాలలోనూ పెంచుతారు. ఆ గుడ్డుకూ, పెరట్లో తిరిగిన గ్రామప్రియ గుడ్డుకూ రంగులో తేడా పట్టుకోవడం కష్టం. రంగును చూసి అదనపు ధర చెల్లించే నగరవాసి మోసపోవచ్చు. నిజంగా పెరట్లో కోళ్లు పెంచే గ్రామీణ మహిళకు దక్కవలసిన ప్రతిఫలం మరొకరికి చేరవచ్చు.

5. ముగింపు

పెంకు రంగు ‘ఏ జాతి?’ అన్న ప్రశ్నకు కొంతవరకు సమాధానమిస్తుంది. ‘ఎలా పెంచారు?’ అన్న ప్రశ్నకు సమాధానమివ్వదు. ఒక గుర్తుకు ధర పలకడం మొదలైన తరువాత, ఆ గుర్తును మాత్రమే ఉత్పత్తి చేయడం సాధ్యమవుతుంది. అప్పటి నుండి అది సాక్ష్యంగా బలహీనపడుతుంది. కనుక ‘నాటు’ అన్న మాటకు విలువ నిలవాలంటే దానిని పెంకు రంగుతో గాక పెంపక విధానంతో నిర్వచించడం అవసరం.