వరుస కుదిరితే చాలదు... లెక్క కూడా చూడాలి!
మేనరికాలపై గణితం చెప్పే మాట

తిరుపతి: 'అక్క కూతురు ఇంట్లో ఉండగా బయట సంబంధాలు వెతకడం దేనికి?' చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో పెళ్లి మాటలు మొదలైతే ఏదో ఒక పెద్దావిడ నోట ఈ మాట రాక మానదు. పొలం చీలిపోదు, కట్నం బెడద తగ్గుతుంది, తెలిసిన పిల్ల గనుక ముసలితనంలో అత్తను చూసుకుంటుంది. పెద్దలు చెప్పే ఈ కారణాలు కొట్టిపారేయదగినవి కావు. అయితే పుట్టబోయే బిడ్డ సంగతేమిటి? దీనికి జవాబు జాతకంలో దొరకదు. గణితంలో దొరుకుతుంది. ఆ గణితాన్ని ఆంధ్ర కుటుంబాల ముందుకు తెచ్చిన తొలి పరిశోధకుల్లో ఒకరు పిఠాపురంలో పుట్టిన తెలుగువాడు కావడం విశేషం.

గురువు దొర, శిష్యుడు పిఠాపురం యువకుడు

జీవుల పుట్టుక, పెరుగుదల, జబ్బుల వ్యాప్తి వంటి వాటిని లెక్కలతో తేల్చే శాస్త్రాన్ని గణిత జీవశాస్త్రం అంటారు. దానికి పునాదులు వేసిన వారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1892లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఈయన చదివింది గణితం, ప్రాచీన భాషలు. సైన్సులో డిగ్రీ లేదు. అయినా 1924 నుంచి వరుసగా వెలువరించిన వ్యాసాలలో ప్రకృతి జీవులను ఎలా ఎంపిక చేస్తుందో లెక్క కట్టి చూపారు. 1957లో స్వదేశం విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. పంచె లాల్చీ కట్టి, తరువాత భారత పౌరసత్వం కూడా తీసుకున్నారు.

సరిగ్గా ఆ సంవత్సరమే ద్రోణంరాజు కృష్ణారావు అనే ఇరవై ఏళ్ల యువకుడు ఆయనకు ఉత్తరం రాసి, శిష్యుడిగా చేరారు. 1937లో పిఠాపురంలో పుట్టిన ఈయన వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివారు. గొప్ప యంత్రాలున్న ప్రయోగశాల ఆయనకు దొరకలేదు. కళ్లతో చూడు, లెక్కపెట్టు, రాసుకో - హాల్డేన్ శిక్షణ పద్ధతి ఇదే. ఏ విషయం చూడాలో శిష్యుడే ఎంచుకోవాలి. లెక్క తప్పితే గురువు దిద్దుతారు.

కృష్ణారావు తొలిగా చేసిన పని వింటే పల్లెవాసులకు నవ్వు రావచ్చు. రంగు రంగుల పూలు పూసే లాంటానా పొదల దగ్గర నిలబడి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టారు. ఒక్కో జాతి సీతాకోకచిలుక ఒక్కో రంగును కోరుకుంటున్నదని ఆ లెక్కలో తేలింది. 1960లో ఆ పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందిన 'నేచర్' పత్రికలో అచ్చయింది.

ఆంధ్ర ఇళ్లలో పెళ్లిళ్ల లెక్క

ఆ తరువాత ఆయన దృష్టి సొంత గడ్డ మీదికి మళ్లింది. మీరాఖాన్ అనే మరో పరిశోధకునితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికపు పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్న విషయమై సమాచారం సేకరించారు. మేనమామను చేసుకున్న వారెందరు, మేనత్త కొడుకును చేసుకున్న వారెందరు అన్నది విడివిడిగా లెక్క తీశారు. 1960 నుంచి 1963 వరకు ఆ వ్యాసాలు శాస్త్ర పత్రికల్లో వెలువడ్డాయి.

దీనికి వాడిన కొలబద్ద మాత్రం పశువుల కొట్టం నుంచి వచ్చింది. ఒకే మందలో దగ్గర సంబంధమున్న ఆబోతును ఆవుకు కట్టిస్తే దూడల్లో ఏమవుతుందో తేల్చడానికి అమెరికా శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లో ఒక సూత్రం రూపొందించారు. మనుషులకూ అదే సూత్రం వర్తిస్తుంది.

రూపాయి బిళ్లతో తేలే సంగతి

సూత్రం పెద్దదే అయినా సంగతి రూపాయి బిళ్లతో తేలుతుంది. మన ఒంట్లోని ప్రతి లక్షణానికీ జన్యువులు జంటగా ఉంటాయి. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి వస్తుంది. కొన్ని జబ్బులకు జంటలో రెండూ లోపమున్నవైతేనే బిడ్డకు జబ్బు. ఒక్కదానిలోనే లోపముంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. లోపం మాత్రం దాగి ఉంటుంది.

ఒక తాతలో అలాంటి లోపం ఒకటి దాగి ఉన్నదనుకుందాం. అది కొడుక్కి రావడం బిళ్ల ఎగరేస్తే బొమ్మ పడటం లాంటిది. కూతురికి రావడం రెండో బొమ్మ. కూతురి నుంచి మనవరాలికి రావడం మూడో బొమ్మ. ఇప్పుడు ఆ కొడుకు అక్క కూతురినే చేసుకుంటే, అతని నుంచి బిడ్డకు రావడం నాలుగో బొమ్మ, ఆమె నుంచి రావడం ఐదో బొమ్మ. వరుసగా ఐదుసార్లు బొమ్మ పడే అవకాశం 32లో ఒకటి. అదే మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లాడితే ఆరు బొమ్మలు పడాలి. అంటే 64లో ఒకటి.

జనాభా మొత్తానికి లెక్క వేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక జబ్బు తాలూకు లోపం జనంలోని నూరు జన్యువుల్లో ఒకదానిలో ఉన్నదనుకుంటే, సంబంధం లేని వారి పెళ్లిళ్లలో పుట్టే పదివేల మంది పిల్లల్లో ఒకరికి ఆ జబ్బు వస్తుంది. మేనత్త మేనమామ పిల్లల పెళ్లిళ్లలో ఏడుగురికి, మేనమామ అక్కకూతురు పెళ్లిళ్లలో పదముగ్గురికి రావచ్చునని లెక్క చెబుతోంది. లోపం ఎంత అరుదైనదైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

మరో మాట. పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గనుక వారి మధ్య పెళ్లి మహాపాపమని మనవారు భావిస్తారు. మేనత్త పిల్లలైతే వరుస అంటారు. జన్యువుల లెక్కలో మాత్రం ఇద్దరి దగ్గరతనం ఒక్కటే.

భయం వద్దు, జాగ్రత్త కావాలి

ఇంతమాత్రాన మేనరికం చేసుకున్న వారందరూ దిగులు పడనక్కరలేదు. ఏ సంబంధమూ లేని పెళ్లిళ్లలోనూ నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడుతూనే ఉన్నారు. మేనత్త మేనమామ పిల్లల పెళ్లిళ్లలో ఆ సంఖ్య సుమారు రెట్టింపు కావచ్చు. అంటే ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. 'మా ఇంట మూడు తరాల మేనరికం, ఏమైంది?' అనే వారి మాట అందుకే అబద్ధం కాదు. కాని ఆ లెక్కలో బొరుసు పడిన ఇళ్లే కనిపిస్తాయి. బొమ్మలన్నీ పడిన ఇంట్లో మాటరాని బిడ్డను ఎత్తుకున్న తల్లికి 'నీ కర్మ' అన్న మాటే దక్కుతోంది. అది ఆమె కర్మ కాదు, తప్పు అంతకన్నా కాదు.

వంశంలో పుట్టు చెవుడు, చూపు లోపం, రక్తానికి సంబంధించిన జబ్బులు ఉన్న వారు మేనరికం తలపెట్టే ముందు వైద్యుని సలహా తీసుకోవడం మంచిది. ముహూర్తం పెట్టుకున్న తరువాత కాదు, మాట అనుకోక ముందే!

గడపకు వచ్చే విద్యార్థి

1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగముంది. ఈ ప్రాంతపు పల్లెల్లో మేనరికాలపై పరిశోధనలు జరిగాయి. 2015లో తిరుపతిలో ప్రారంభమైన ఐసర్ సంస్థలో విద్యార్థి అయిదో ఏట ఒక ఆచార్యుని పర్యవేక్షణలో సొంతంగా పరిశోధన చేయాల్సి ఉంటుంది. గురువు దారి చూపుతారు, నడవాల్సింది శిష్యుడే. హాల్డేన్ దగ్గర కృష్ణారావు నేర్చినదీ ఇదే.

ఇలాంటి చదువు చదివే పిల్ల చేత కాగితాలు పట్టుకుని గడప ముందు నిలబడి 'మీది మేనరికమా? పిల్లలెందరు? పోయినవారు ఉన్నారా?' అని అడిగితే గ్రామస్తులు అనుమానించడం, పోయిన బిడ్డల సంగతి దాచడం సహజం. దాచిన ప్రతి బిడ్డా లెక్క నుంచి జారిపోతుంది. లెక్క తప్పితే రేపటి సలహా కూడా తప్పుతుంది. పేరు బయటపెట్టవద్దని కోరే హక్కు, చెప్పడం ఇష్టం లేకపోతే మానే హక్కు అందరికీ ఉంది. చెప్పదలిస్తే మాత్రం నిజం చెప్పాలి.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. శిష్యుడు కృష్ణారావు అమెరికాలో స్థిరపడి, గురువు జీవితంపై పుస్తకాలు రాసి 2020లో మరణించారు. వారు మొదలుపెట్టిన లెక్క మాత్రం ముగియలేదు. మిగిలిన అంకెలు మన పల్లెల్లోనే, మన ఇళ్లలోనే ఉన్నాయి.