యూనిట్‌కు 650 గ్రాములు: రామగుండం బొగ్గు లెక్క

ఇంట్లో నెలకు 200 యూనిట్ల కరెంటు వాడితే దాదాపు 130 కిలోల బొగ్గు కాలినట్టే. మన బొగ్గుతో ఒక యూనిట్ తయారు కావాలంటే ఇంచుమించు 650 గ్రాములు కావాలి. ఈ చిన్న అంకె చేతిలో ఉంటే బొగ్గు గనుల సంస్థ సింగరేణికి, రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి మధ్య సాగే పెద్ద వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది.

రోజు మేత ఎంత?

1983లో మొదటి యూనిట్‌తో మొదలైన రామగుండం కేంద్రంలో 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2,600 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. అన్నీ పూర్తి లోడుతో తిరిగితే రోజుకు 6.24 కోట్ల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు 650 గ్రాముల చొప్పున 40,560 టన్నుల బొగ్గు! మామూలు గూడ్సు ర్యాకు ఒక్కోటి 3,900 టన్నులు మోస్తుందనుకుంటే, రోజుకు పది ర్యాకులు దాటుతుంది.

ఏడాది పొడవునా పూర్తి లోడు ఉండదు. సగటున 75 శాతం అనుకున్నా ఏటా 1.11 కోట్ల టన్నులు కావాలి. 2023-24లో సింగరేణి మొత్తం ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. అంటే ఈ పాత యూనిట్ల ఆకలే అందులో ఇంచుమించు ఆరో వంతు.

బాయి పక్కనే బాయిలర్

సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రామగుండం ప్రాంతాన్ని ఈ సంస్థ ఆర్జీ-1, 2, 3 ఏరియాలుగా విభజించి నడుపుతోంది. ఓపెన్‌కాస్టు గనుల్లో షావెల్ ఎత్తిన బొగ్గును డంపర్లు మోసుకొస్తాయి. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు (సీహెచ్‌పీ)లో ముక్కలు చేసి రైలుకెక్కిస్తారు. ఎన్టీపీసీకి సొంత రైలు మార్గం ఉంది, పేరు మెర్రీ గో రౌండ్. వ్యాగన్ల అడుగు తెరుచుకుని బొగ్గు కిందికి జారుతుంది, ఖాళీ రైలు మళ్లీ గని దారి పడుతుంది. వందల కిలోమీటర్ల రైలు కిరాయి మిగులుతుంది. గని పక్కనే ఉండే పిట్‌హెడ్ కేంద్రం బలమంతా ఇదే.

నిల్వ లెక్కలోనూ ఈ తేడా కనిపిస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం గనికి దూరంగా ఉన్న కేంద్రాలు కాలాన్ని బట్టి 20 నుంచి 26 రోజుల బొగ్గు ఉంచుకోవాలి. పిట్‌హెడ్ కేంద్రాలకు 12 నుంచి 17 రోజులు చాలు. వానాకాలంలో ఓపెన్‌కాస్టులో నీళ్లు నిలిచి పని మందగిస్తుంది కాబట్టి, ఎండాకాలంలోనే గుట్ట పెంచుకోవాలి. 85 శాతం లోడుకు 17 రోజులంటే రామగుండంలో 5.86 లక్షల టన్నులు.

వెళ్లేదేమిటి, మిగిలేదేమిటి?

ఈ కరెంటు తెలంగాణతో పాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళలకూ వెళ్తుంది. బూడిద మాత్రం పెద్దపల్లి జిల్లాలోనే ఉంటుంది. బొగ్గులో మూడో వంతు బూడిద అనుకుంటే, పూర్తి లోడు రోజున 13,500 టన్నులు. కొంత సిమెంటుకు, ఇటుకలకు పోయినా మిగతాది బూడిద చెరువుకు చేరాల్సిందే. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గు పైకి రావాలంటే ఎన్నో క్యూబిక్ మీటర్ల మట్టి, రాయి తొలగించాలి. గోదావరిఖని చుట్టూ కనిపించే గుట్టలు అలా లేచినవే.

ఇప్పుడు లెక్క ఇంకా పెరిగింది. రాష్ట్ర విభజన చట్టంలోని 4,000 మెగావాట్ల హామీలో భాగంగా 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. మొదటిది 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఈ 1,600 మెగావాట్లలో 85 శాతం తెలంగాణకే. రామగుండంలో ఎన్టీపీసీ మొత్తం బొగ్గు విద్యుత్ సామర్థ్యం 4,200 మెగావాట్లకు చేరింది.

మిగిలిన రైలు కిరాయి కరెంటు బిల్లులో అందరికీ కలిసొస్తుంది. బూడిద, మట్టిగుట్టల భారం ఒక్క జిల్లాదే. యూనిట్ ధర కట్టేటప్పుడు ఆ ఊళ్ల దుమ్మునూ లెక్కలోకి తీసుకోవడమే న్యాయం.