వంగడం పేరు – మోతాదు తీరు

గత మార్గశిర మాసంలో మా మిత్రులొకరు తమ కుమారుడు వ్రాసిన ఉత్తరాన్ని నాకు చూపించారు. ఆ యువకుడు కెనడాలోని టొరాంటో నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. "ఇక్కడ సాయంత్రం అయిదు గంటలు కాకముందే పొద్దు క్రుంకిపోతున్నది. బయట మంచు, లోపల ఒంటరితనం. నాతో పనిచేసేవారు ఇంటికి పోతూ గంజాయి దుకాణంలోకి వెళ్ళి, చలిరాత్రికి ఏ రకం బాగుంటుందని అడిగి మరీ కొనుక్కుంటున్నారు. ఇక్కడ ఇది నేరం కాదు. నన్నూ రమ్మంటున్నారు. ఎన్ని రకాలో, ఎన్ని పేర్లో! మీరేమంటారు, నాన్నగారూ?" ఇదీ దాని సారాంశం. "రేడియోలో అందరికీ అన్నీ విడమరచి చెబుతారు గదా, వీడికి నేను ఏమని వ్రాయను?" అని మిత్రులు నన్నడిగారు. పేరు వెల్లడించకుండా ఈ సంగతి ముచ్చటించడానికి అనుమతి కూడా ఇచ్చారు.

కోపగించి ఊరుకోవడం తేలిక. కాని దాచకుండా అడిగిన ప్రశ్నకు దాచకుండా సమాధానం చెప్పడం పెద్దల విధి. కనుక ముందుగా అక్కడి పరిస్థితి ఏమిటో చూద్దాము.

కెనడా దేశం 2018 అక్టోబరు 17వ తేదీనుంచి వయోజనులకు గంజాయి అమ్మకాన్ని చట్టసమ్మతం చేసింది. టొరాంటో ఉన్న ఆంటేరియో రాష్ట్రంలో 19 ఏండ్లు నిండినవారు దీనిని కొనవచ్చును. బహిరంగ స్థలంలో 30 గ్రాముల ఎండుపువ్వుకు మించి దగ్గర ఉంచుకొనరాదు. దుకాణాలలో వంగడాలను సాధారణంగా మూడు తరగతులుగా చెబుతారు: ఇండికా, సటైవా, ఈ రెండింటి సంకరం. ఇండికా ఒళ్ళు సడలించి నిద్ర తెప్పిస్తుందనీ, సటైవా హుషారు కలిగిస్తుందనీ వాడుక. అందుచేత చలికాలపు సాయంత్రానికి ఇండికాయే తగినదని కొనేవారి నమ్మకం.

ఈ నమ్మకానికి ఆధారం ఎంత? సటైవా అనే పేరు 1753లో లిన్నేయస్ పెట్టినది. ఇండికా అనేది 1785లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లామార్క్ పెట్టిన పేరు. భారతదేశంనుంచి వచ్చిన మొక్కలను చూసి ఆయన దీనిని వేరు జాతిగా ఎంచాడు. ఒకటి నిద్రకు, ఒకటి హుషారుకు అన్న విభజన వారిద్దరూ చేసినది కాదు. అది చాలకాలం తరువాత వాడకందారులలో పుట్టిన మాట. ఆపైన ఈ రెండు తెగలనూ ఎందరో పెంపకందారులు ఎన్నోమార్లు కలిపివేశారు. 2021లో డల్హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో, ఇండికా అని పిలిచేవాటికీ సటైవా అని పిలిచేవాటికీ వంశలక్షణాలలో స్పష్టమైన భేదం కనబడలేదు. కనబడిన భేదం ముఖ్యంగా కొన్ని పరిమళద్రవ్యాలకు సంబంధించినది.

వంగడాల పేర్లకైనా భరోసా ఉన్నదా? మన మామిడితో పోల్చి చూద్దాము. బంగినపల్లి చెట్టును అంటుకట్టి పెంచుతారు. తల్లిచెట్టు కొమ్మయే కొత్త చెట్టవుతుంది కాబట్టి, పండు తిన్నవారు ఇది బంగినపల్లి అని గుర్తుపట్టగలరు. గంజాయి మొక్కనూ కొమ్మకత్తిరింపులతో పెంచవచ్చును. ఒక తోటలో ఆ విధంగా పెంచినంతవరకు పోలిక నిలుస్తుంది. కాని విత్తునుంచి మొలిచిన మొక్కలు తోబుట్టువులవలె ఒకటొకటి ఒక్కొక్క తీరుగా ఉంటాయి. పైగా ఒకే పేరును పలువురు పెంపకందారులు తమ తమ మొక్కలకు తగిలిస్తూ వచ్చారు. ఒకే పేరుగల రెండు నమూనాలు వంశరీత్యా ఒకటి కానట్టి సందర్భాలు పరీక్షలలో బయటపడ్డాయి. కాబట్టి పేరు విని గుణం నిర్ణయించడం చాల సందర్భాలలో ఊహాగానమే.

మరి మత్తు ఎక్కడినుంచి వస్తున్నది? ఆడమొక్క పూగెలలమీద సన్నని నూగు, ఆ నూగు కొసలలో జిగురు ఉంటుంది. ఆ జిగురులో నూరుకు పైగా విశేష రసాయనాలు ఉన్నాయి. వాటిలో మత్తుకు ప్రధాన కారణమైనదానిని టెట్రాహైడ్రోకానబినాల్, పొట్టిగా టి.హెచ్.సి. అంటారు. 1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు గవోనీ, మెషూలమ్ దాని నిర్మాణాన్ని తెలుసుకొన్నారు. అది మెదడులోని కొన్ని గ్రాహకాలకు అతుక్కొని పనిచేస్తుంది. మన శరీరమే ఆ గ్రాహకాలకోసం తనంతట తాను ఒక పదార్థాన్ని తయారుచేసుకొంటున్నదని 1992లో మెషూలమ్ బృందం కనుగొన్నది. దానికి పెట్టిన పేరు ఆనందమైడ్; మన సంస్కృతంలోని 'ఆనంద' శబ్దమే అందులో ఉన్నది. జిగురులోని రెండవ ముఖ్య పదార్థం సి.బి.డి. దీనికి టి.హెచ్.సి. వలె మత్తెక్కించే గుణం లేదు.

ఇక పరిమళం. మిరియాలలోని కారియోఫిలీన్, నిమ్మతొక్కలోని లిమొనీన్, మామిడిలోనూ కనబడే మిర్సీన్ ఈ పువ్వులోనూ ఉంటాయి. కొనేవారికి వాసన నచ్చవచ్చును. కాని పీల్చే పాటి మోతాదులో ఈ పరిమళాలే మనిషికి నిద్ర తెప్పిస్తాయని రుజువు కాలేదు.

కాబట్టి పొట్లంమీద చూడవలసినది పేరు కాదు, అంకె. 1995 ప్రాంతంలో అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టి.హెచ్.సి. సుమారు 4 శాతం. 2014 నాటికి అది సుమారు 12 శాతం. నేడు కెనడా దుకాణాలలో 20 శాతం మించిన పువ్వు సర్వసాధారణం. 20 శాతం అంటే పావు గ్రాము పువ్వులో 50 మిల్లీగ్రాములన్నమాట. అందులో కొంత కాలిపోయి, కొంత పొగలో పోయి, మిగిలినదే నెత్తురులో చేరుతుంది. అయినా కొత్తవారికి అది పెద్ద మోతాదే. అక్కడి ఆరోగ్యశాఖ హెచ్చరిక ఏమంటే, 10 శాతానికి లోపు సరుకునే ఎంచుకొని, అతి కొద్దితో ఆగవలెనని.

తినుబండారాల సంగతి వేరు. పొగ పీల్చితే నిమిషాలలోనే తెలుస్తుంది. తిన్నదానికి అరగంటనుంచి రెండు గంటల వరకు పట్టవచ్చును. పూర్తి ప్రభావం నాలుగు గంటలకు గాని కనబడకపోవచ్చును. పన్నెండు గంటలైనా దిగకపోవచ్చును. "ఏమీ కాలేదు" అని రెండవ ముక్క తిన్నవారే గుండెదడతో, భయంతో ఆసుపత్రికి చేరుతూ ఉంటారు. 2019 అక్టోబరులో వీటిని చట్టంలో చేర్చినప్పుడు ఒక పొట్లంలో 10 మిల్లీగ్రాములకు మించరాదని నియమం పెట్టడానికి కారణం ఇదే. కొత్తవారికి రెండున్నర మిల్లీగ్రాములే మొదటి హద్దని అక్కడివారు చెబుతారు. మద్యంతో కలపరాదు, ఆ మత్తులో బండి నడపరాదు.

చలికాలపు దిగులుకు ఇది మందా? నిద్ర కొంత త్వరగా పట్టవచ్చును. కాని నిత్యం వాడి మానినప్పుడు నిద్ర చెడిపోవడం, కలలు విపరీతం కావడం చాలమంది అనుభవం. పగటివెలుగు తగ్గడంవల్ల వచ్చే దిగులుకు ఉదయంపూట ప్రకాశవంతమైన దీపకాంతి చికిత్స వైద్యశాస్త్రం అంగీకరించినది. గంజాయికి అట్టి రుజువు లేదు. ఒంటరితనానికి ఏ వంగడమూ తోడు కాదు.

ఇంతవరకు చెప్పినది అందరికీ వర్తిస్తుంది. మా మిత్రుల కుటుంబానికి మాత్రమే చెందిన సంగతి ఒకటి ఉన్నది. ఆయన తమ్ముడికి ఇరవై రెండవ ఏట మతి చలించింది, ఈనాటికీ కోలుకోలేదు. ఇంట్లో ఆ సంగతి పిల్లలముందు ఎన్నడూ ఎత్తలేదు. దగ్గరి బంధువులలో ఇటువంటి వ్యాధి ఉన్నవారికి గంజాయి, ముఖ్యంగా టి.హెచ్.సి. హెచ్చుగా ఉన్నది, ఎక్కువ అపాయమని వైద్యులు చెబుతారు. ఇరవై అయిదేండ్లలోపు వయస్సులో మెదడు ఇంకా పరిణతి చెందుతూ ఉండడంచేత ఆ అపాయం మరింత ఎక్కువ. ఏ పొట్లంమీదా అచ్చుకాని సంగతి ఇది. దుకాణంలోని విక్రేతకు తెలియదు, కుర్రవాడికీ తెలియదు, తెలిసినది తండ్రికే.

మరొక్క మాట కూడా వ్రాయమన్నాను. కుర్రవాడు సంక్రాంతికి ఇంటికి రానున్నాడు. కెనడాలో కొన్నదైనా సరిహద్దు దాటించడం ఆ దేశంలోనే నేరం. మన దేశంలో 1985నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పూత కొసలను గంజాయిగా పరిగణిస్తారు. స్వల్ప పరిమాణమైనా జైలుశిక్షకు దారితీయగలదు. సంచి అడుగున మరచిపోయిన చిన్న పొట్లం చాలును.

మిత్రులు చాలసేపు మౌనంగా ఉండి, "తమ్ముడి సంగతి వ్రాయవలసిందేనా?" అన్నారు. "తక్కినదంతా చీటీ చదివి తెలుసుకొంటాడు. ఇది మీరు చెప్పితేనే తెలుస్తుంది" అన్నాను. ఆ రాత్రే ఆయన ఉత్తరం వ్రాశారు. వారం తిరగకముందే జవాబు వచ్చింది. దుకాణానికి వెళ్ళలేదని అందులో ఒక్క వాక్యం. మిగిలిన రెండు పుటలూ పినతండ్రిని గురించిన ప్రశ్నలే.